'స్వాతిముత్యం' ఆస్కార్‌కు నామినేట్ అయిందా, మన దేశం పంపిందా? బోర్డు మీద ఏ మాట రాయాలి?

గాంధీ రోడ్డు పాఠకుడు (తిరుపతి) అడిగిన ప్రశ్న:

తిరుపతిలో ఒక డిగ్రీ కళాశాలలో తెలుగు చెబుతూ, అక్కడి చలనచిత్ర సంఘం పనులు కూడా చూస్తున్నాను. వచ్చే నెల విద్యార్థులకు కె. విశ్వనాథ్ గారి 'స్వాతిముత్యం' చూపించాలనుకుని సెమినార్ హాలు గుమ్మం పక్కన థర్మాకోల్ బోర్డు ఒకటి పెట్టాం. రెండో సంవత్సరం చదివే అమ్మాయి దాని మీద ఎర్ర పోస్టర్ కలర్‌తో, ముచ్చటైన గుండ్రటి అక్షరాలతో, "ఆస్కార్‌కు నామినేట్ అయిన తొలి తెలుగు చిత్రం" అని రాసింది. ఆ దారిన వెళుతున్న మా చరిత్ర మాస్టారు (ఆయన పదవీ విరమణ చేసి చాలాకాలమైంది, అయినా గ్రంథాలయానికి రోజూ వస్తారు) ఆగి చదివి, చేతిలోని గొడుగు కొనతో 'నామినేట్' అన్న మాటను తాకి, "ఇది నిజం కాదు, తీసెయ్యండి" అని వెళ్ళిపోయారు. వివరం అడుగుదామని వెంట పడేలోగా బస్సెక్కేశారు.

నేను చిన్నప్పటినుంచి వింటున్నది 'నామినేట్' అన్న మాటే. ఇప్పుడు అనుమానం పట్టుకుంది. పైగా అక్కడే నిలబడి ఉన్న పిల్లలు ఇంకో ప్రశ్న వేశారు: 'నాటు నాటు' పాటకు ఆస్కార్ వచ్చింది కదా, మన దేశం 'ఆర్ఆర్ఆర్'ను పంపనే లేదంటారేమిటి, పంపకుండా ఎలా వచ్చింది అని. నాకు జవాబు తోచలేదు. దేశాలు ఈ అవార్డుకు సినిమాలను ఎలా పంపుతాయో, అందులో ఏ మెట్టును ఏమని పిలవాలో తెలిసినవారు చెప్పగలరా?


ఉపశీర్షికల పనివాడు (చిత్తూరు):

మీ మాస్టారు చెప్పింది సరైనదేనండీ. 'స్వాతిముత్యం' 1986లో మన దేశం తరఫున వెళ్ళిన చిత్రం, అంతవరకే నిజం. 1987లో జరిగిన 59వ ఆస్కార్ ఉత్సవానికి నామినేషన్ దొరికిన ఐదు విదేశీ భాషా చిత్రాలలో అది లేదు. ఆ ఐదూ నెదర్లాండ్స్, ఆస్ట్రియా, ఫ్రాన్స్, కెనడా, చెకొస్లోవేకియా పంపినవి. అవార్డు నెదర్లాండ్స్ చిత్రం 'ది అసాల్ట్'కు వచ్చింది.

గందరగోళం ఎక్కడ మొదలవుతుందంటే, మన పత్రికలు 'పంపడం' అనే మొదటి మెట్టుకూ 'నామినేషన్' అనే మూడో మెట్టుకూ ఒకే మాట వాడుతూ వచ్చాయి. తిరుపతివాళ్ళకు అర్థమయ్యేలా చెప్పాలంటే, సర్వదర్శనం టోకెన్ చేతికి రావడం వేరు, వైకుంఠం కాంప్లెక్స్ కంపార్ట్‌మెంట్‌లో కూర్చోవడం వేరు, గర్భగుడి గడప కులశేఖరపడి ఎదుట నిలబడడం వేరు. టోకెన్ దొరికినవాణ్ణి దర్శనం చేసుకున్నాడని ఎవరూ అనరు కదా.

ఈ విభాగంలో ఆ టోకెన్ దేశానికి ఒక్కటే. ఏటా వందల సినిమాలు తీసే మనకూ ఒకటే, ఎప్పుడో ఒకటి తీసే భూటాన్‌కూ ఒకటే. ప్రతి దేశంలోనూ ఆస్కార్‌లు ఇచ్చే అమెరికా సంస్థ అకాడమీ ఆమోదం పొందిన ఎంపిక సంఘం ఒకటి ఉండాలి. మన దేశంలో ఆ పని ఫిల్మ్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియాది. చాలామంది అనుకునేటట్టు కేంద్ర ప్రభుత్వం ఎంపిక చెయ్యదు, జాతీయ చలనచిత్ర పురస్కారాలకూ దీనికీ సంబంధం లేదు. నిర్మాత తనంతట తాను రుసుము కట్టి దరఖాస్తు చేసుకుంటే, వచ్చిన దరఖాస్తులలోంచి జ్యూరీ ఒకటి ఎంచుతుంది. దరఖాస్తు పెట్టని సినిమా ఎంత గొప్పదైనా జ్యూరీ కంటికి ఆనదు.

ఇలా దేశాలన్నీ పంపినవాటిని అకాడమీ సభ్యులు చూసి ముందు 15 చిత్రాల జాబితా ప్రకటిస్తారు (2020కి ముందు ఈ జాబితా ఇంకా చిన్నది). అందులోంచి ఐదింటికి నామినేషన్, ఆ ఐదింటిలో ఒకదానికి అవార్డు. మన దేశం 1957 నుంచి పంపుతూ ఉంటే నామినేషన్ దాకా వెళ్ళినవి మూడే: మొదటి ఏడే వెళ్ళిన 'మదర్ ఇండియా', 1988 నాటి 'సలామ్ బాంబే', 2001 నాటి 'లగాన్'. మూడింటిలో దేనికీ అవార్డు రాలేదు. సత్యజిత్ రే చిత్రాలనే మూడుసార్లు పంపారు, 'అపూర్ సంసార్', 'మహానగర్', 'శత్రంజ్ కే ఖిలాడీ'. ఒక్కటి కూడా ఆ ఐదింట్లోకి రాలేదు. చివరికి 1992లో ఆయన కలకత్తా ఆసుపత్రి మంచం మీద అందుకున్నది ఏ దేశమూ పంపనక్కరలేని గౌరవ ఆస్కార్. అందువల్ల 'పంపారు' అని రాస్తే విశ్వనాథ్ గారి చిత్రానికి చిన్నతనం ఏమీ కాదు.


ఆరుబయట తెర (తిరుపతి):

పై వివరం బాగుంది, ఒప్పుకుంటాను. అయితే ఒక్క టోకెన్ అన్నంతమాత్రాన అది సరైనవాడి చేతికే వెళుతోందని చెప్పలేం. 2022లో జరిగింది నేను ఇప్పటికీ మరచిపోలేదు. ఆ ఏడు ఫెడరేషన్ 'ఛెల్లో షో' అనే గుజరాతీ చిత్రాన్ని పంపింది. 'ఆర్ఆర్ఆర్' పేరు అమెరికాలో అందరి నోటా నానుతున్న రోజులవి. 2013లో కూడా అంతే, 'ది లంచ్‌బాక్స్' విదేశాల్లో జేజేలు అందుకుంటుంటే 'ది గుడ్ రోడ్'ను పంపారు. 2024లో 'ఆల్ వి ఇమాజిన్ యాజ్ లైట్' ఫ్రాన్స్‌లోని కాన్ చలనచిత్రోత్సవంలో గ్రాండ్ ప్రీ బహుమతి గెలుచుకుని వస్తే 'లాపతా లేడీస్'ను ఎంచారు. ఆ ఏటి జ్యూరీలో 13 మంది ఉంటే ఒక్క స్త్రీ కూడా లేరన్న విమర్శ అప్పుడే వచ్చింది. ఇన్నిసార్లు గురి తప్పితే దాన్ని పొరపాటనుకోవడం ఎలా?

మీ పిల్లల ప్రశ్నకు మాత్రం జవాబు తేలికే. 'ఆర్ఆర్ఆర్' నిర్మాతలు దేశం పంపకపోయినా తమంతట తామే ఇతర విభాగాలకు దరఖాస్తు పెట్టుకున్నారు. పాట, ఛాయాగ్రహణం, దర్శకత్వం వంటి విభాగాలకు దేశం ముద్ర అక్కరలేదు. అమెరికాలో నిబంధన ప్రకారం థియేటర్లలో ఆడి ఉంటే చాలు. ఆ సినిమా అక్కడ ఆడింది కనుక చంద్రబోస్ రాసి, కీరవాణి స్వరపరచిన పాట నామినేషన్ పొంది, 2023 మార్చి 12న లాస్ ఏంజెలెస్‌లో అవార్డు గెలిచింది. విదేశీ చిత్రమన్న లెక్కలో వచ్చింది కాదది, హాలీవుడ్ పాటలతో పోటీపడి తెచ్చుకున్నది. నన్నడిగితే ఇదే గొప్ప.


ఉపశీర్షికల పనివాడు (చిత్తూరు):

ఆరుబయట తెర గారూ, పాట గురించి మీరు రాసింది అక్షరాలా నిజం. జ్యూరీ గురించి రాసినదానితో సగమే ఏకీభవిస్తాను. 'ఛెల్లో షో'ను తీసిపారెయ్యకండి, ఆ ఏడు 92 దేశాల చిత్రాలు బరిలో ఉంటే 15 చిత్రాల జాబితాలో చేరిన వాటిలో అదొకటి. అంటే పంపినది వృథా పోలేదు.

పైగా ఈ గొడవ మనకొక్కరికే పట్టలేదు. 2023లో కాన్‌లో అత్యున్నత బహుమతి పాం దోర్ గెలిచిన 'అనాటమీ ఆఫ్ ఎ ఫాల్'ను ఫ్రాన్స్ పక్కన పెట్టి వంట చుట్టూ అల్లిన 'ద టేస్ట్ ఆఫ్ థింగ్స్'ను పంపింది. అది చివరి ఐదింట్లోకి రాలేదు. పక్కన పెట్టిన చిత్రమేమో ఉత్తమ చిత్రం విభాగంలోనే నామినేషన్ పొంది, రచనకు ఆస్కార్ తెచ్చుకుంది. ప్రపంచంలో ఈ విభాగపు నామినేషన్లు అందరికంటే ఎక్కువ మూటగట్టుకున్న దేశమే ఇలా తడబడితే, ఒక్కదాన్నే ఎంచమనే నియమంలోనే చిక్కు ఉందని నాకు అనిపిస్తుంది. ఎవరు కూర్చున్నా ఎవరో ఒకరు ఏడవక తప్పదు.


పాత ప్రొజెక్టర్ (చిత్తూరు):

నేను చిత్తూరులో ఒక సింగిల్ స్క్రీన్ థియేటర్‌లో ఆపరేటర్‌గా చేరి, తరువాత మేనేజరుగా పనిచేసి రిటైరయ్యాను. జ్యూరీల సంగతి నాకు తెలియదు. కానీ ఒక నియమం గురించి ఇక్కడ ఎవరూ రాయలేదు, దాని బరువు మాలాంటివాళ్ళకే తెలుస్తుంది. దేశం పంపే సినిమా థియేటర్‌లో, టిక్కెట్టు తెంపి, వరసగా ఏడు రోజులు ఆడి ఉండాలి. పండుగకు వచ్చే పెద్ద సినిమాకు ఇదొక లెక్క కాదు. చిన్న సినిమాకు ఆ ఏడు రోజులే ఏలినాటి శని.

ఒకసారి ఒక చిన్న నిర్మాత తరఫున కుర్రాడొకడు బస్సు దిగి, భుజానికి సంచితో నేరుగా మా బుకింగ్ కిటికీ దగ్గరికి వచ్చాడు. వారం రోజులు మార్నింగ్ షో ఒక్కటి చాలు, అద్దె మొత్తం ముందే కట్టేస్తాం, ఏ రోజూ ఆట ఆగకూడదు అన్నాడు. ఎందుకయ్యా అంటే, ఫెడరేషన్‌కు దరఖాస్తు పెడుతున్నాం, ఏడు రోజుల పరుగు కాగితం మీద కనబడాలి అన్నాడు. సరేనని ఒప్పుకున్నాం. మొదటి రోజు పదిహేను టిక్కెట్లు తెగాయి. మూడో రోజుకు ఐదుకు దిగింది. నాలుగో రోజు ఉదయం కరెంటు పోయింది. ఇద్దరు ప్రేక్షకుల కోసం జనరేటర్ వెయ్యడానికి మా యజమాని ఒప్పుకోలేదు. ఆ కుర్రాడు తన జేబులోంచి డీజిల్ డబ్బు తీసి నా చేతిలో పెట్టాడు. ఆట వేశాను. ఆ ఇద్దరిలో ఒకరు విశ్రాంతికి ముందే లేచి వెళ్ళిపోయారు, మిగిలినది గేటు దగ్గర టీ అమ్మే ఆయన.

రోజూ ఆట అయ్యాక డీసీఆర్, అంటే ఆ రోజు వసూళ్ళ లెక్క కాగితం, రాసేవాణ్ణి. మొదటి టిక్కెట్టు నంబరు, చివరి టిక్కెట్టు నంబరు, తరగతివారీ వసూలు, కింద నా సంతకం, థియేటర్ ముద్ర. ఎనిమిదో రోజు ఉదయం కుర్రాడు ఏడు కాగితాలనూ ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని, నాకు దండం పెట్టి మరీ వెళ్ళాడు. ఆ సినిమా ఎంపిక కాలేదు. అయినా ఆస్కార్ అన్న మాట ఎక్కడ వినిపించినా నాకు ముందు గుర్తొచ్చేది ఆ ప్లాస్టిక్ కవరే.

ఇంకొక సంగతి. మాది సరిహద్దు జిల్లా కాబట్టి మా థియేటర్లలో తమిళ సినిమాలూ తెలుగు సినిమాలతో సమానంగా ఆడాయి. శివాజీ గణేశన్ 'దైవమగన్' కూడా ఆస్కార్‌కు నామినేట్ అయిందని మా తరంవాళ్ళం చెప్పుకునేవాళ్ళం. అదీ ఇలాంటిదేనా?


ఉపశీర్షికల పనివాడు (చిత్తూరు):

అవును సార్, అదీ పంపిన సినిమాయే. 1969లో మన దేశం తరఫున వెళ్ళింది, దక్షిణాది భాషల నుంచి అలా వెళ్ళిన మొదటి చిత్రం అదే. నామినేషన్ రాలేదు. ఆ తరువాత 'నాయకన్', 'అంజలి', 'దేవర్ మగన్', 'జీన్స్', 'విసారణై', 'కూళాంగల్' ఇలా తమిళం నుంచి చాలా వెళ్ళాయి. మలయాళం నుంచి 'గురు', 'జల్లికట్టు', '2018' వంటివి వెళ్ళాయి. తెలుగు నుంచి వెళ్ళింది మాత్రం 'స్వాతిముత్యం' ఒక్కటే. మీరు రాసిన ఏడు రోజుల కథ చదివాక కారణం ఒక్క జ్యూరీలో వెతకడం న్యాయం కాదనిపిస్తోంది. మన దగ్గర చిన్న సినిమాకు వారం రోజులు మార్నింగ్ షో దొరకడమే గగనమైనప్పుడు, దరఖాస్తు దాకా వచ్చేవెన్ని?


మూడు రాష్ట్రాల మూల (కుప్పం):

నాకు భాష గురించి రాయాలనిపించింది. మా ఇంట్లో వీధిలోకి తెలుగు, అవ్వతో తమిళం, కర్ణాటక వైపు పట్టుగూళ్ళ సంతకు వెళితే కన్నడం. ఇలాంటి ఇంటి మీద ఎవరైనా సినిమా తీస్తే అది ఏ భాషా చిత్రం, ఎవరు పంపాలి అని చాలాకాలం ఆలోచించాను. నియమాలు చదివితే తేలిందేమంటే, అకాడమీకి ఆ పట్టింపు లేదు. సినిమా అమెరికా బయట తీసినదై, 40 నిమిషాలకు మించి, సంభాషణల్లో సగానికి పైగా ఇంగ్లీషు కానిదై ఉండాలి. మూడు భాషలున్నా, ముప్పై ఉన్నా ఫరవాలేదు.

ఈ ఇంగ్లీషు నియమం ఒక్కోసారి చిత్రంగా కొరుకుతుంది. 2019లో నైజీరియా తన చరిత్రలోనే మొదటిసారిగా 'లయన్‌హార్ట్'ను పంపింది. అందులో ఇగ్బో భాష వినిపించేది సుమారు 11 నిమిషాలే, మిగిలినదంతా ఇంగ్లీషు. చిత్రాన్ని పక్కన పెట్టారు. ఇంగ్లీషు ఆ దేశపు అధికార భాష, అక్కడి వందల భాషలవాళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడుకునేది దానిలోనే. మనుషులు నిజంగా ఎలా మాట్లాడుకుంటారో అలాగే తీస్తే అనర్హులవడం నాకు ఇప్పటికీ మింగుడు పడదు. 'విదేశీ భాషా చిత్రం' అన్న పేరును 'అంతర్జాతీయ చిత్రం' అని మార్చిన ఏడాదే ఇది జరగడం ఇంకో తమాషా.

దేశానికీ భాషకూ ఉన్న ముడి కూడా ఒకప్పుడు గట్టిగా ఉండేది. పంపే దేశపు భాషలోనే సినిమా ఉండాలనేవారు. 2006లో ఆ నియమం తీసేశాక కెనడా దీపా మెహతా హిందీ చిత్రం 'వాటర్'ను పంపి నామినేషన్ తెచ్చుకుంది. 2024లో అయితే మన 'లాపతా లేడీస్' 15 చిత్రాల జాబితాలో చేరలేకపోయింది, బ్రిటన్ పంపిన 'సంతోష్' చేరింది. అది కూడా హిందీ చిత్రమే, ఉత్తర భారతంలో ఒక మహిళా కానిస్టేబుల్ కథ! అదే ఏడు ఫ్రాన్స్ పంపినది స్పానిష్‌లో ఉన్న 'ఎమిలియా పెరెజ్'. 'ఆల్ వి ఇమాజిన్ యాజ్ లైట్'లో ఫ్రెంచి నిర్మాణ భాగస్వామ్యం ఉండడంతో ఫ్రాన్స్ ఎంపిక సంఘం దాన్ని కూడా తన తుది పరిశీలనకు తీసుకుంది. మలయాళం మాట్లాడే బొంబాయి నర్సుల కథను పారిస్‌లో చర్చించారన్నమాట.

భూటాన్ సంగతి పైన వచ్చింది కనుక అదీ పూర్తి చేస్తాను. 'లునానా' అనే చిత్రాన్ని ఆ దేశం 2020లో పంపితే, అక్కడ అకాడమీ గుర్తించిన ఎంపిక సంఘం లేదని తిప్పి పంపారు. సంఘాన్ని ఏర్పాటు చేసుకుని మరుసటి ఏడు అదే చిత్రాన్ని మళ్ళీ పంపారు. ఈసారి నామినేషన్ వచ్చింది. కొండల్లోని బడిలో ఒక మాస్టారు, తరగతి గదిలో కట్టేసిన జడలబర్రె, అంతే కథ. సినిమా బాగుండడం ఒకటి, కాగితాలు సరిగ్గా ఉండడం ఒకటి. ప్రొజెక్టర్ గారి ప్లాస్టిక్ కవరుకు దీన్ని తోడు చేర్చండి.


గాంధీ రోడ్డు పాఠకుడు (తిరుపతి):

అందరికీ ధన్యవాదాలు. ఒక చిన్న సందేహం మిగిలింది. దేశమే పంపుతుంది కాబట్టి అవార్డు ప్రతిమ కూడా దేశానిదేనా? అంటే మనకు ఎప్పుడైనా వస్తే దాన్ని ఢిల్లీలో పెడతారా?


ఉపశీర్షికల పనివాడు (చిత్తూరు):

పెట్టరండీ. నామినేషన్ జాబితాలో చిత్రం పేరుతో దేశం పేరే ఉంటుంది. ప్రతిమను దర్శకుడు తన బృందం తరఫున అందుకుంటారు. 1956 చిత్రాల నుంచి ఇది పోటీ విభాగమయ్యాక మొదటి అవార్డు ఇటలీ చిత్రం 'లా స్త్రాదా'కు వెళ్ళింది. అప్పటినుంచీ లెక్క దేశం పేరు మీదే నడిచింది. ప్రతిమ మీద దర్శకుడి పేరు కూడా చెక్కడం 2014లో గానీ మొదలు కాలేదు.


గాంధీ రోడ్డు పాఠకుడు (తిరుపతి):

ఈ రోజు బోర్డు సరిచేశాం. ఆ అమ్మాయికి పైన వచ్చిన జవాబులన్నీ చదివి వినిపించాను. కాసేపు ముఖం ముడుచుకుని, "అయితే పంపారు కానీ ఏమీ రాలేదు అని రాయాలా సార్?" అంది. అక్కరలేదన్నాను. 'నామినేట్ అయిన' అన్న మాటల మీద తెల్ల కాగితం పట్టీ అతికించి, 'మన దేశం పంపిన' అని రాయించాను. కాగితం పలుచన, దగ్గరికి వెళితే కింద ఎర్ర అక్షరాలు ఇంకా కనిపిస్తున్నాయి.

మాస్టారు సాయంత్రం వచ్చారు. పట్టీ చూసి తల ఊపి, గొడుగు ఈసారి 'తొలి' మీద పెట్టారు. "తొలి అంటే తరువాత మలి ఉండాలి కదా, ఏదీ?" అన్నారు. నిజమే, 2025లో పంపినది కూడా 'హోమ్‌బౌండ్' అనే హిందీ చిత్రమే. 'తొలి' కొట్టేసి 'ఏకైక' అని రాశాం. ఆ అమ్మాయి ఎందుకో ఆ ఒక్క మాటనూ పోస్టర్ కలర్‌తో రాయడానికి ఒప్పుకోలేదు. చిన్న చీటీ మీద పెన్సిల్‌తో రాసి, గుండుసూదితో గుచ్చింది.